సీనియర్ ఏజెంట్ కింద చేరుతున్నాను: వాటా ఎంత, ఏం రాయించుకోవాలి, మొదట ఏం నేర్చుకోవాలి?

షాద్‌నగర్_రూట్ అడిగినది:

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర రియల్ ఎస్టేట్ పని మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఆయనది ఎక్కువగా షాద్‌నగర్, కొత్తూరు, మహేశ్వరం వైపు వెంచర్ ప్లాట్లు. మియాపూర్, బాచుపల్లిలో ఫ్లాట్ల రీసేల్ కూడా కొంత ఉంది.

ఆయన చెప్పిన షరతులు ఇవి. జీతం లేదు. మొదటి మూడు డీల్స్‌లో నాకు 25 శాతం, తర్వాత 40 శాతం. పెట్రోల్, ఫోన్ ఖర్చు నాదే. ట్రైనింగ్ ఫీజు 15,000 ముందే కట్టాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ సంగతి అడిగితే "ముందు రెండు బుకింగ్‌లు చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నారు. ఒక ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ప్రాజెక్ట్ కూడా ఉందట, అది త్వరగా కదులుతుంది కాబట్టి కొత్తవాళ్లను దాంతోనే మొదలుపెట్టిస్తారట.

నా ప్రశ్నలు: ఈ వాటా న్యాయమైనదేనా? రాతపూర్వకంగా ఏం తీసుకోవాలి? మొదటి మూడు నెలల్లో ఆయన దగ్గర నేను పట్టుకోవాల్సిన అసలు పని ఏది? మాట తీరు, కాల్స్ ఎవరైనా నేర్పుతారు. ఆయన దగ్గర మాత్రమే దొరికేది ఏమిటో చెప్పండి.

కాగితం_ముందు:

తమ్ముడూ, 25, 40 అనే అంకెల దగ్గర ఆగిపోకండి. ఆ శాతం దేని మీద లెక్కిస్తారో అడగండి. తగువులన్నీ అక్కడే వస్తాయి.

లెక్క వేసి చూద్దాం. 200 గజాల ప్లాట్, గజం 18,000. అంటే 36 లక్షలు. వెంచర్ వాళ్లు 3 శాతం ఇస్తారనుకుందాం, కమిషన్ 1,08,000. మీ 40 శాతం వాటా 43,200. ఇక్కడిదాకా అందరికీ ఒకే లెక్క. ఇప్పుడు కస్టమర్ గజానికి 200 తగ్గించమన్నాడు. కంపెనీ తగ్గించనంది, సీనియర్ "మన కమిషన్‌లోంచి ఇచ్చేద్దాం" అన్నారు. 200 గజాలకు 40,000 పోయింది. ఇది మొత్తం కమిషన్‌లోంచి తీస్తే 68,000 మిగులుతుంది, మీ వాటా 27,200. "కస్టమర్ నీవాడు, తగ్గింపు నీ వాటాలోంచే" అంటే మీకు మిగిలేది 3,200. డీల్ అదే, శాతం అదే. తగ్గింపు ఎవరి వాటాలోంచి పోతుందో ముందే రాసుకోకపోతే రెండో లెక్కే వర్తిస్తుంది, ఎందుకంటే డబ్బు ముందు చేరేది ఆయన ఖాతాకే.

అందుకే రెండు పేజీల ఒప్పందం చాలు గానీ, అందులో ఇవి ఉండాలి: వాటా మొత్తం కమిషన్ మీదా, ఖర్చులు పోయాకా; యాడ్స్, సైట్ విజిట్ కార్లు ఎవరి ఖర్చు; కస్టమర్‌కు వదిలేసే మొత్తం ఇద్దరి వాటాల్లోంచీ అదే నిష్పత్తిలో పోతుందని; కంపెనీ నుంచి డబ్బు వచ్చిన ఎన్ని రోజుల్లో మీకు ఇవ్వాలి (7 పనిదినాలు అడగండి); బుకింగ్ రద్దయితే మీరు తిరిగి ఇవ్వాల్సింది మీకు ముట్టినదాంట్లోంచి మాత్రమేనని. చాలా వెంచర్లలో కమిషన్ ఒకేసారి రాదు. కస్టమర్ కట్టేదాన్ని బట్టి కొంత, రిజిస్ట్రేషన్ అయ్యాక మిగతాది వస్తుంది. మీ వాటా కూడా అలాగే విడతలుగా వస్తుందని తెలిసి చేరండి. మొదటి డీల్ కుదిరిన రోజుకీ డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య రెండు మూడు నెలలు పట్టడం మామూలే. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోకుండా జీతం లేని పనిలో దిగొద్దు.

పన్ను సంగతి. కమిషన్ మీద టీడీఎస్ (ఇచ్చేవారే ముందు కోసి కట్టే పన్ను) ఇప్పుడు 2 శాతం (2024 అక్టోబర్ 1కి ముందు 5 శాతం ఉండేది). పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసినది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో మూడు నెలలకోసారి చూసుకోండి. "టీడీఎస్ పోయింది" అని డబ్బు తగ్గించి, గవర్నమెంట్‌కు కట్టనివాళ్లు ఉంటారు. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కమిషన్ మీద 18 శాతం.

25 శాతం తక్కువేమీ కాదు, ఒక షరతు మీద. కస్టమర్‌ను తెచ్చేది ఆయన, కాగితాలు చూసేది ఆయన, బేరం కుదిర్చేది ఆయన, మీరు పక్కన కూర్చుని చూసేవారైతే 25 న్యాయమే. కస్టమర్‌ను మీరే తెచ్చి, సైట్ మీరే చూపించి, ఆయన చివర్లో సంతకానికి వస్తే అది తక్కువ. లీడ్ (కొనే ఆసక్తి ఉన్న మనిషి) ఎవరిదనే దాన్ని బట్టి రెండు రేట్లు పెట్టమనండి.

ట్రైనింగ్ ఫీజు 15,000 మాత్రం కట్టొద్దు. తన వాటా నుంచి మీకు నేర్పినందుకు ప్రతిఫలం తీసుకుంటున్న మనిషికి మళ్లీ ఫీజు దేనికి? మనుషులను చేర్చుకోవడంలోనే ఆదాయం ఉన్న టీముల్లో ఇలా అడుగుతారు. మిమ్మల్ని కూడా రేపటి నుంచి "నీ కింద నలుగురిని చేర్చు" అంటే అది ప్లాట్లు అమ్మే పని కాదు, చైన్. బయటికి వచ్చేయండి.

రెరా_సెక్షన్9:

వాటా సంగతి పైన చెప్పేశారు. నాకు భయం వేసింది ప్రీలాంచ్ మాటకు.

రెరా చట్టం 2016 ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును ప్రచారం చేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. ఇది సెక్షన్ 3, బిల్డర్‌కు. ఏజెంట్‌కు వేరే ఉంది: సెక్షన్ 9 ప్రకారం ఏజెంట్ తానూ రిజిస్టర్ అయి ఉండాలి, సెక్షన్ 10 ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మించకూడదు. తప్పితే సెక్షన్ 62: రోజుకు 10,000 చొప్పున, ఆ ఫ్లాట్ లేదా ప్లాట్ ఖరీదులో 5 శాతం వరకు జరిమానా. 60 లక్షల ఫ్లాట్ అయితే గరిష్ఠంగా 3 లక్షలు. మీ 25 శాతం వాటాతో పోల్చుకోండి.

"నేను పరిచయం మాత్రమే చేశాను" అనే మాట అక్కడ నిలబడదు. ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని, అమ్మేవారిని పరిచయం చేసి కమిషన్ తీసుకునేవాళ్లందరినీ చట్టం ఏజెంట్ అనే అంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో బ్రోచర్ పెట్టి, ఫోన్ నంబర్ ఇచ్చి, కమిషన్ తీసుకుంటే మీరు ఏజెంట్ అయిపోయినట్టే.

ప్రీలాంచ్‌లో అసలు అమ్మేది ఏమిటో చూడండి. పర్మిషన్ రాలేదు, ప్లాన్ ఖరారు కాలేదు, ఫ్లాట్ నంబర్ లేదు. భూమిలో అవిభాజ్య వాటా, యూడీఎస్ అంటారే, అది రాసిస్తామంటారు. లేదా ఒక ఎంఓయూ కాగితం. వంద శాతం ముందే కడితే చదరపు అడుగుకు సగం ధర. ఆ డబ్బుకు రెరా రక్షణ ఏదీ ఉండదు. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో అయితే కొనేవాళ్ల దగ్గర తీసుకున్నదాంట్లో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీలాంచ్‌లో ఈ రెండూ లేవు. ప్రాజెక్ట్ ఆగిపోతే కస్టమర్ బిల్డర్ ఆఫీసుకు వెళ్లేలోపే మీ ఇంటికి వస్తాడు, ఎందుకంటే అతను నమ్మింది మిమ్మల్ని. కొత్తవాళ్లు మొదట తమ చుట్టాలకీ స్నేహితులకే అమ్ముతారు. ప్రీలాంచ్‌కు కొత్తవాళ్లను వాడుకునేది అందుకే. నెలనెలా అద్దె ఇస్తాం, రెండేళ్లకు రెట్టింపుకు తిరిగి కొంటాం అనే పథకాలను కూడా ఇదే జాబితాలో వేసుకోండి. వాటికి డిపాజిట్ల చట్టం (2019) కూడా తగులుకుంటుంది.

మీ రెరా నంబర్ మీ పేరు మీదే తీసుకోండి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు, వ్యక్తికి ఫీజు 10,000, సంస్థకు 50,000. పాన్, ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, గత మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు (రిటర్న్ వేయాల్సిన అవసరం లేనివారైతే ఆ మేరకు డిక్లరేషన్) కావాలి. 5 ఏళ్లు చెల్లుతుంది. మీరు చేసే ప్రతి అమ్మకం కాగితం మీద ఆ నంబర్ వేయాలి. ఒక సంస్థలో జీతానికి పనిచేస్తూ ఆ సంస్థ రిజిస్ట్రేషన్ కింద మాట్లాడటం వేరు. జీతం లేకుండా సొంతంగా కమిషన్ తీసుకుంటున్నప్పుడు మీ నంబర్ మీకు ఉండాలి. ట్రైనింగ్ ఫీజు అని ఆయనకు ఇవ్వబోయే 15,000లో 10,000 ఇక్కడ పెట్టండి.

ప్రాజెక్ట్ నంబర్ ఇచ్చారంటే నమ్మి ఊరుకోవద్దు. సైట్‌లో ఆ నంబర్ కొట్టి, ప్రాజెక్ట్ పేరు, సర్వే నంబర్లు, ముగింపు తేదీ, ప్లాట్ల సంఖ్య బ్రోచర్‌తో సరిచూడండి. ఫేజ్ 1 నంబర్ చూపించి ఫేజ్ 2 అమ్మడం బాగా జరుగుతుంది.

షాద్‌నగర్_రూట్:

ప్రీలాంచ్ వద్దని చెప్పేస్తాను. రెరా దరఖాస్తు ఈ వారమే పెడతాను. కాగితాలు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన దగ్గర ఫైళ్లు చాలా ఉన్నాయి. లాయర్ ఉండగా ఏజెంట్‌కు ఎంత తెలియాలి?

ఈసీ_చదివేవాడు:

లాయర్ టైటిల్ ఒపీనియన్ ఇస్తారు. మీరు చేయాల్సింది, ఆ ఫైలు లాయర్ దాకా పంపడానికి పనికొస్తుందా లేదా అని చెప్పగలగడం. అంతవరకు నేర్చుకుంటే కస్టమర్ సమయం, మీ పెట్రోల్, లాయర్ ఫీజు మూడూ మిగులుతాయి. సీనియర్ దగ్గర మాత్రమే దొరికేది ఏమిటని అడిగారు కదా, ఇదే: పూర్తయిన డీల్స్ ఫైళ్లు. వారానికి ఒక పాత ఫైలు అడగండి, రిజిస్ట్రేషన్ అయిపోయినదొకటి, మధ్యలో చెడిపోయినదొకటి మార్చి మార్చి. చెడిపోయినవే ఎక్కువ నేర్పుతాయి. ఆయన ఏమీ చెప్పకముందే మీరే చదివి, లోపం ఎక్కడుందో రాసి, తర్వాత ఆయన్ను అడగండి. ఫైళ్లు చూపించని సీనియర్ ఎంత శాతం ఇచ్చినా ఆయన దగ్గర మీరు నేర్చుకునేది బ్రోచర్ చదవడమే.

చదివే పద్ధతి. ముందు సేల్ డీడ్ చివర్లో ఉండే షెడ్యూల్ తీయండి: సర్వే నంబర్, ప్లాట్ నంబర్, విస్తీర్ణం, నాలుగు హద్దులు. దాన్ని ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. అందులో రాసిన లింక్ డాక్యుమెంట్ నంబర్ పట్టుకుని వెనక్కి వెళ్లండి. ఎవరు ఎవరికి, ఏ తేదీన, ఏ నంబర్ డాక్యుమెంట్, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్. ఒక్క మెట్టు తెగినా అక్కడ గుర్తు పెట్టండి. బ్యాంకులు సాధారణంగా 13 నుంచి 30 ఏళ్ల చరిత్ర అడుగుతాయి, మీరు 30కి అలవాటు పడండి.

తర్వాత ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా). తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందుది ఆఫీసులో దరఖాస్తు పెట్టి తీయాలి. ఈసీ తీసేటప్పుడు ప్లాట్ నంబర్‌తో ఒకసారి, సర్వే నంబర్‌తో ఒకసారి, డాక్యుమెంట్ నంబర్‌తో ఒకసారి తీయండి. మూడింట్లో వేర్వేరు ఎంట్రీలు రావచ్చు, ఎందుకంటే పాత డాక్యుమెంట్లలో 45/అ అని ఉన్నది ఇంకోచోట 45/ఏ అనో, ఉత్త 45 అనో ఎక్కి ఉంటుంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారాక మండలాలు మారాయి, కొన్ని గ్రామాలు వేరే ఆఫీసు పరిధిలోకి వెళ్లాయి. కాబట్టి పాత ఆఫీసులోనూ కొత్త ఆఫీసులోనూ చూడాలి.

ఈసీలో ఒక వరుసను ఎలా చదవాలంటే: పేర్ల పక్కన అక్షరాలుంటాయి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. ఎంఆర్ తాకట్టు పెట్టినవారు, ఎంఈ తాకట్టు పట్టినవారు. గిఫ్ట్ అయితే డీఆర్, డీఈ. ఎంఆర్ పక్కన ఓనర్ పేరు, ఎంఈ పక్కన బ్యాంకు పేరు కనిపిస్తే కింది వరుసల్లో దానికి రిలీజ్ ఎంట్రీ వెతకండి. లేకపోతే ఓనర్ "అప్పు ఎప్పుడో కట్టేశాను" అన్నా సరే, బ్యాంకు నో డ్యూస్, రిలీజ్ డీడ్ చూపించేవరకు టోకెన్ వద్దు. ఒకే ప్లాట్‌కు ఇద్దరు వేర్వేరు సీఎల్‌లు పక్క పక్క సంవత్సరాల్లో కనిపిస్తే డబుల్ రిజిస్ట్రేషన్ అనుమానించాలి. ఆ ఫైలు అక్కడితో మూసేయండి.

ఈసీలో కనిపించనివి కూడా గుర్తుంచుకోండి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్, రిజిస్టర్ కాని వీలునామా, కుటుంబంలో నోటిమాట పంపకం, కోర్టులో దావా, ఇవేవీ అందులో రావు. "ఈసీ క్లియర్" అని కస్టమర్‌కు చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

షాద్‌నగర్, కొత్తూరు, మహేశ్వరం బెల్ట్‌లో ప్రత్యేకంగా చూడాల్సినవి: లేఅవుట్‌కు ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) ఉందా, అది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఇచ్చిందా, డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ఇచ్చిందా, డ్రాఫ్ట్ దశలో ఉందా ఫైనల్ అయిందా. హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లో 15 శాతం ప్లాట్లు డెవలపర్ మార్ట్‌గేజ్ చేస్తాడు, రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యాకే విడుదల. మీ కస్టమర్‌కు చూపిస్తున్న ప్లాట్ నంబర్ ఆ జాబితాలో ఉందేమో డ్రాఫ్ట్ లెటర్ తెరిచి చూడండి. ఇది ఐదు నిమిషాల పని, చూసేవాళ్లు తక్కువ. గ్రామ పంచాయతీ లేఅవుట్ అని పాతవి వస్తాయి, సర్పంచ్ సంతకంతో. వాటికి ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) అయితే తప్ప ఇంటి పర్మిషన్ రాదు, లోన్ దొరకదు. ఎల్‌ఆర్‌ఎస్ 2020 పథకానికి కటాఫ్ 2020 ఆగస్టు 26.

భూమి మూలం గురించి: వ్యవసాయ భూమిగా ఉన్నప్పటి రికార్డు భూభారతిలో (ఇంతకుముందు ధరణి) చూడండి. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చిన) ప్రొసీడింగ్స్ అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందేమో చూడండి. అసైన్డ్, వక్ఫ్, ఎండోమెంట్, భూదాన్, చెరువు శిఖం అన్నీ అక్కడే తేలాలి. 1954–55 ఖాస్రా పహాణీ నుంచి పేర్లు ఎలా మారాయో చూడటం లాయర్ పని, కానీ 38ఈ, ఓఆర్‌సీ అనే మాటలు ఫైల్లో కనిపిస్తే అది రక్షిత కౌలుదారు, ఇనాం భూమి వ్యవహారమని మీకు తెలియాలి. అలాంటి ఫైలుకు లాయర్ చూసేదాకా రేటు కూడా మాట్లాడొద్దు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం అంటే ఆగండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. ఓనర్ తరఫున జీపీఏ హోల్డర్ సేల్ డీడ్ చేయడం వేరు, అది కుదురుతుంది. కానీ ఓనర్ బతికి ఉన్నాడా, జీపీఏ రద్దయిందా అన్నది రిజిస్ట్రేషన్ రోజు దాకా చూసుకుంటూ ఉండాలి. రాసిచ్చినవారు పోతే మామూలు జీపీఏ చెల్లదు.

సైట్‌_టేపు:

పై ఫైళ్ల పని సాయంత్రాలది. పగలు సైట్ మీద ఆయన పక్కన ఉండండి. సంచిలో లేఅవుట్ కాపీ, 30 మీటర్ల టేపు, దిక్సూచి పెట్టుకోండి. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది గానీ కారు, కరెంటు స్తంభం దగ్గర తప్పు చూపిస్తుంది, కనీసం రెండు చోట్ల నిలబడి చూడండి.

ప్లాట్ దగ్గర ముందు రాయి నంబర్ కాదు, మూల నుంచి లెక్కపెట్టండి. రాళ్లు ఎవరైనా మార్చగలరు. రోడ్డు మూల నుంచి వరుసగా లెక్కపెట్టుకుంటూ వచ్చి నాలుగు వైపులా కొలవండి. 30 అడుగులు, 60 అడుగులు అయితే 1,800 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 200 గజాలు. డాక్యుమెంట్‌లో 200 ఉండి నేల మీద 193 వస్తే రోడ్డులోకి పోయిందా, పక్కవాడు జరిగాడా చూడాలి. భూమి లెక్కలు నోటికి రావాలి: ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు.

నీళ్ల దారి చూడండి. వేసవిలో చూస్తే ఏ స్థలమైనా పొడిగానే ఉంటుంది. హెచ్‌ఎండీఏ చెరువుల సైట్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) మ్యాపులు ఉన్నాయి. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక కస్టమర్లు మొదట అడుగుతున్నదే ఇది. మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదిత రోడ్డు ప్లాట్ మీదుగా వెళ్తుందేమో, హైటెన్షన్ లైన్ ఎంత దూరమో కూడా రాసుకోండి.

ముఖం విషయంలో కస్టమర్‌తో వాదించకండి. తూర్పు, ఉత్తరం త్వరగా పోతాయి, పడమర పర్లేదు, దక్షిణం రీసేల్‌లో నిలిచిపోతుంది. వీధి పోటు ఉందంటే ముందే చెప్పండి. అతనే కనిపెట్టాడంటే మీరు చెప్పిన మిగతా నిజాల మీద కూడా నమ్మకం పోతుంది. ఈశాన్యం పెరిగిన బిట్ అయితే అది కూడా ముందే చెప్పండి, సంతోషంగా వింటారు.

ఫ్లాట్ రీసేల్ అయితే బాల్కనీ వ్యూ కన్నా ముందు మూడు అడగండి: ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) ఉందా, కార్పెట్ ఏరియా (గోడల లోపలి వాడకపు స్థలం) ఎంత, యూడీఎస్ ఎంత. యూడీఎస్ లెక్క మీరే వేయండి. 1,500 గజాల స్థలంలో మొత్తం 80,000 చదరపు అడుగులు కట్టి ఉంటే, 1,600 అడుగుల ఫ్లాట్‌కు రావాల్సింది 30 గజాలు. డాక్యుమెంట్‌లో 22 ఉంటే మిగతా 8 ఎక్కడ పోయాయని అడగాలి. పర్మిషన్ 5 అంతస్తులకుంటే 6వ అంతస్తు పెంట్‌హౌస్‌ను అమ్మించకండి.

కస్టమర్‌కు మొత్తం ఖర్చు చెప్పడం నేర్చుకోండి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ మొత్తం 7.5 శాతం, ప్రభుత్వ విలువ, మనం రాసుకున్న ధర రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 36 లక్షల ప్లాట్‌కు 2,70,000. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌కు జీఎస్‌టీ 5 శాతం (అఫర్డబుల్ అయితే 1), ఓసీ వచ్చాక మొదటిసారి అమ్మినదానికి లేదు. ఖరీదు 50 లక్షలు, అంతకు మించితే కొనేవారే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఇవి ముందు చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వారం ముందు డబ్బు చాలక డీల్ ఆగుతుంది.

టోకెన్ డబ్బు మీ ఫోన్‌పేకు వేయించుకోకండి. సీనియర్ "ముందు నువ్వు తీసుకో" అన్నా సరే. రీసేల్ అయితే ఓనర్ ఖాతాకు, వెంచర్ అయితే కంపెనీ ఖాతాకు, రసీదు మీద ప్లాట్ నంబర్, గజం రేటు, మిగతా డబ్బు గడువు, రద్దయితే ఏమవుతుంది అన్నీ రాసి. స్థిరాస్తి లావాదేవీలో 20,000, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. నగదు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే దారిలో మీరు నిలబడొద్దు. అలాగే ఓనర్ చెప్పిన రేటు మీద గజానికి 500 పైన వేసుకుని మిగిల్చుకుందామని సీనియర్ అంటే, ఓనర్, కస్టమర్ ఇద్దరూ కలిసే రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అది బయటపడుతుంది. రీసేల్‌లో ఇక్కడ వాడుకలో ఉన్న ఒక శాతం, రెండు వైపులా, బాహాటంగా అడగండి.

బెజవాడ_సెంట్లు:

మా వైపు కస్టమర్లు కూడా మీకు వస్తారు కాబట్టి రెండు ముక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో రెరా వేరు, తెలంగాణ నంబర్ పెట్టుకుని అమరావతి, విశాఖ ప్రాజెక్టులు అమ్మకూడదు. లేఅవుట్ అనుమతి విజయవాడ, గుంటూరు వైపు సీఆర్‌డీఏ, విశాఖ వైపు వీఎంఆర్‌డీఏ. భూమి రికార్డు మీభూమి సైట్‌లో 1బీ, అడంగల్. ఇక్కడ చుక్కల భూములని ఒక ప్రత్యేక తలనొప్పి ఉంది, పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు పెట్టి వదిలేసినవి; వాటికి 2017లో చట్టం చేశారు. లెక్క కూడా మారుతుంది: ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు, నెల్లూరు వైపు అంకణాలు, అంకణం 8 గజాలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇక్కడా మొత్తం 7.5 శాతమే.

ఇంకొకటి, అమెరికాలో ఉన్న మనవాళ్ల గురించి. ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమి, ప్లాంటేషన్, ఫామ్‌హౌస్ కొనకూడదు, ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. గుంటల్లో అమ్మే ఫామ్ ప్లాట్లను డల్లాస్‌కు జూమ్‌లో చూపించే టీములు ఉన్నాయి, అందులో చేరకండి. వాళ్లు పంపే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి కాన్సులేట్‌లో సంతకం అయి, ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ చేయించాలి. ఎన్‌ఆర్‌ఐ అమ్మేవారైతే 1 శాతం టీడీఎస్ కాదు, లెక్క పూర్తిగా వేరు. సీఏ దగ్గరికి పంపాకే బేరం మొదలుపెట్టండి.

అద్దెలతో_మొదలు:

కొంచెం తేడా అభిప్రాయం. ప్లాట్లతో మొదలుపెట్టడం కన్నా మొదటి రెండు నెలలు ఆయన మియాపూర్, బాచుపల్లి అద్దె ఇళ్లు, రీసేల్ మీద పెట్టమనండి. అద్దెలో డబ్బు తక్కువ, ఎక్కువగా సగం నెల నుంచి నెల అద్దె. కానీ వారంలో ఒప్పందం పూర్తవుతుంది. ఓనర్‌తో మాట్లాడటం, అగ్రిమెంట్ రాయించడం, అడ్వాన్స్, తాళాలు, మెయింటెనెన్స్ బకాయి, అన్నీ మొదటి నుంచి చివరి దాకా చేతుల మీదుగా వెళ్తాయి. ప్లాట్ డీల్‌లో కొత్తవాళ్లకు కారు నడపడం, కాఫీ ఇప్పించడమే మిగులుతుంది, బేరం గదిలోకి రానివ్వరు. అద్దెకు ఇచ్చిన ఓనర్లే రెండేళ్లకు అమ్మకానికి పిలుస్తారు.

కాల్స్ విషయం కూడా: కొన్న నంబర్ల జాబితాతో సొంత ఫోన్ నుంచి రోజుకు 200 కాల్స్ చేయమంటే చేయకండి. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం మామూలు పది అంకెల నంబర్ నుంచి మార్కెటింగ్ కాల్స్ చేయకూడదు, ఫిర్యాదులు పెరిగితే మీ నంబర్ కట్ అవుతుంది. ఆ నంబరే మీ వ్యాపారం.

షాద్‌నగర్_రూట్:

చాలా మేలు చేశారు అందరూ. ఒక్క ప్రశ్న మిగిలింది. ఏడాది తర్వాత విడిపోతే నా కస్టమర్లు ఎవరివాళ్లు?

కాగితం_ముందు:

దానికి మొదటి రోజే ఒక అనుబంధం పెట్టుకోండి. చేరే ముందు మీకు తెలిసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయండి, వాళ్లు ఎప్పటికీ మీవాళ్లే. చేరాక వచ్చే ప్రతి లీడ్ ఒక షీట్‌లో: తేదీ, పేరు, ఎవరి ద్వారా వచ్చింది, సైట్ చూసిన తేదీ. వారానికోసారి ఆ షీట్ వాట్సాప్‌లో ఆయనకు పంపి "ఓకే" అనిపించుకోండి. రేపు మాట వస్తే ఆ ఓకేలే సాక్ష్యం.

విడిపోయే షరతు ఇలా రాయండి: ఎవరైనా 30 రోజుల నోటీసుతో విడిపోవచ్చు. విడిపోయే రోజుకు టోకెన్ పడిన డీల్స్‌లో మీ వాటా పూర్తిగా వస్తుంది. సైట్ చూసి టోకెన్ పడనివాళ్లు 90 రోజుల్లోపు అదే ప్రాజెక్టులో కొంటే మీకు సగం వాటా. ఆయన తెచ్చిన లీడ్స్‌ను మీరు ఆరు నెలలు ముట్టుకోరు. దీనికంటే పెద్ద కట్టుబాటు, అంటే ఈ ఊళ్లో రెండేళ్లు ఈ పనే చేయకూడదు లాంటిది ఉంటే కొట్టివేయించండి. ఒప్పందం ముగిశాక బతుకుతెరువును ఆపే షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు సాధారణంగా నిలవదు, కానీ నిలవదని తేల్చుకోవడానికి కోర్టుకు వెళ్లే ఓపిక మీకు ఉండదు.

ఈ ఒప్పందం ముందు పెట్టగానే ఆయన "మన మధ్య కాగితాలు ఎందుకు" అంటే, లీడ్ షీట్ ఒక్కటైనా ఒప్పించండి. అదీ వద్దంటే ఆయన దగ్గర చేరకండి, పైన చెప్పిన అద్దెల పని సొంతంగా మొదలుపెట్టి, ఫైళ్లు చూపించే ఇంకొకరిని వెతుక్కోండి.